ఓటు లింకు ఎవరి చేతికి?

‘మావాడికి ఒక ఓటెయ్యండి, లింకు కింద ఉంది’ అన్న మెసేజీ రాని తెలుగు వాట్సాప్ గ్రూపు ఈ మధ్య అరుదు. నొక్కితే ఫోన్ నంబరు అడుగుతుంది, ఓటీపీ వస్తుంది, ఓటు పడిపోతుంది. కవిత చదివారా అని అడిగేవారుండరు. ఇంట్లో నాలుగు సిమ్ములుంటే నాలుగు ఓట్లు. ఇలాంటి పోటీలో గెలిచేది కవి కాదు, ఆయన బంధుబలగం.

పోనీ, రుసుము పెడితే? సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డుల్లో ఓటు, వాటినిచ్చే సదస్సుకు డబ్బు కట్టిన సభ్యులకే. అయినా 2024లో గ్లాస్గో సదస్సు నిర్వాహకులు 377 ఓట్లు కొట్టేయాల్సి వచ్చింది. కొందరి ఇంటిపేర్లు మొదటి అక్షరం తప్ప అచ్చంగా ఒకటే. ఆ అక్షరం కూడా ఏ, బీ, సీ వరసలో మారుతూ పోయింది. ఇంకొందరికి వరస అంకెలే పేర్లు! డబ్బున్నవాడికి సభ్యత్వాలు కొనడం ఎంతసేపు?

ఉచిత చిత్రాల భండారమైన వికీమీడియా కామన్స్ ఏటా మేటి చిత్రాన్ని ఎన్నుకునే పద్ధతి వేరు. నిర్ణీత తేదీకి ముందే ఖాతా ఉండాలి, ఏదో ఒక వికీలో కనీసం 75 దిద్దుబాట్లు చేసి ఉండాలి. పోటీ సంగతి తెలిశాక పరుగెత్తుకొచ్చినవారికి ఓటు లేదు. నాకు నచ్చిన నిబంధన ఇదే.

కానీ దీన్ని ఉన్నదున్నట్టు తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాకు తెస్తే చిక్కు. రేపు హోసూరు, బాగలూరు, డెంకణికోట, తళి ప్రాంతాల తెలుగు కతలకు ఆన్‌లైన్ అవార్డు పెట్టారనుకుందాం. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరైంది. ఒకటో తరగతితో మొదలై 2015-16కి పదో తరగతి దాకా వచ్చింది. ఇంట్లో తెలుగే మాట్లాడినా, తెలుగు అక్షరం కూడబలుక్కునే పిల్లలు ఇక్కడ ఉన్నారు. ‘ఎన్ని రచనలు చేశావు, ఎన్ని సమీక్షలు రాశావు’ అని అడిగితే వాళ్లు గడప దగ్గరే ఆగిపోతారు. కత వాళ్లది, తీర్పు హైదరాబాదుది అవుతుంది.

అందుకే ఇక్కడ వినడాన్నీ పాల్గొనడంగానే లెక్కించాలి. పోటీకి వచ్చిన కతలను ఆడియోగా పెట్టండి. మనవడి ఫోన్లో చివరిదాకా విన్న అవ్వకు, అచ్చులో చదివిన పంతులికి ఉన్నంత హక్కూ ఉండాలి. మనిషికి ఒకే ఓటు అన్నది తేల్చడానికి ఊళ్లోని ఇద్దరు తెలిసినవారి హామీ, ఓటీపీ కంటే గట్టిది. బయటి పాఠకుల ఓట్లను వేరే లెక్క వేసి, వేరే బహుమతి ఇవ్వొచ్చు.

ఓటు ఎవరికన్న నిబంధనను మాత్రం నామినేషన్లు పిలవకముందే ప్రకటించాలి. పోటీదారుల పేర్లు బయటికొచ్చాక మార్చిన నిబంధనను ఎవరూ నమ్మరు.