పదికీ ఇంటర్‌కీ నడుమ ఒక ఏడాది
పదో తరగతి అయ్యాక ఒక ఏడాది చేతిపనికి కేటాయిస్తే చదువు వెనకబడదు, వేళ్లూనుతుంది. ఐర్లాండ్ బడుల్లో 1974 నుంచి ఇలాంటి ఏడాది ఉంది. తెలుగునేలకూ ఇది కొత్త కాదు: 1907లో రాజమండ్రిని కదిలించిన వందేమాతరం ఉద్యమ స్ఫూర్తితో 1910లో మచిలీపట్నంలో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల పాఠాలతోపాటు చేతివృత్తులూ నేర్పింది. నేడు గోదావరి డెల్టాలో అందుకు కడియం నర్సరీలను మించిన బడి లేదు. జామకొమ్మకు గాలి అంటు కట్టాలంటే ఉంగరంలా బెరడు తీసి, తడి నాచు చుట్టి, పాలిథిన్ కాగితంతో తడి ఆరకుండా బిగించాలి. ఆకులు వండిన ఆహారం కిందికి దిగలేక అక్కడే ఆగుతుంది, వారాల తర్వాత తెల్లని వేళ్లు తొంగిచూస్తాయి. జీవశాస్త్రంలో బట్టీపట్టిన పాఠం అప్పుడు కళ్లకు కడుతుంది. తొందరపడి ముడి విప్పితే అంటు దక్కదని చేతికే తెలుస్తుంది. నరసాపురం లేసు అల్లికలోనూ, ధవళేశ్వరం కాలువల లాకుల దగ్గరా ఇంతే చదువుంది. అయితే ఆ ఏడాది చవక కూలీగా మారకూడదు, ఆడపిల్ల ఇంట్లో పెళ్లిమాటలకు దారి తీయకూడదు. అందుకే ఇంటర్ సీటు ముందే ఖాయం చేసి, పిల్లల పేర్లు బడి హాజరుపట్టీలోనే ఉంచి, ఒక్క కడియం మండలంలోనైనా ప్రభుత్వం దీన్ని మొదలుపెట్టాలి.