చిట్టెలుక నేర్పిన ఎంపిక

విఘ్నేశ్వరుని వాహనంగా పూజలందుకునే ఎలుక, మన ధాన్యపు గాదెల వద్ద మాత్రం పరమశత్రువు. ఆ ఎలుకనే ముచ్చటపడి పెంచి, అందాల పోటీలకు నిలిపేవారు కూడా లోకంలో ఉన్నారంటే పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చు. జపాన్‌లో 1787లోనే వింత రంగుల చిట్టెలుకల పెంపకంపై ఒక చిన్న గ్రంథం వెలువడినది. ఇంగ్లండులో 1895లో నేషనల్ మౌస్ క్లబ్ ఏర్పడినది.

ప్రదర్శనకు తగిన చిట్టెలుకకు ఆ క్లబ్ కొన్ని లక్షణాలను నిర్ణయించినది. ముక్కు కొస నుండి తోక చివరి వరకు 7, 8 అంగుళాల పొడవు ఉండాలి. దేహం సన్నగా, సాగినట్లుండాలి. కన్నులు పెద్దవిగా మెరయాలి. చెవులు విశాలంగా, ముడతలు లేక నిక్కి ఉండాలి. తోక మొదట లావై, కొరడా వలె క్రమంగా సన్నబడాలి.

పెద్దవాటిని ఏరి జతపరిస్తే చాలును గదా అని మనకు తోచవచ్చు. చిక్కు అక్కడే ఉన్నది. ఒక తల్లి వద్ద నాలుగు పిల్లలే పెరిగితే వాటికి పాలు సమృద్ధిగా దొరికి బలుస్తాయి. పది పిల్లలు పంచుకున్నచోట అన్నీ చిన్నవవుతాయి. మొదటి వాటి పరిమాణం వంశగుణమో, పాల మహిమో కంటికి తెలియదు. పాల వలన వచ్చిన పుష్టి సంతతికి సంక్రమించదు.

ఎడిన్‌బరోలో జన్యుశాస్త్రవేత్త ఫాల్కనర్ 1953లో ప్రకటించిన ప్రయోగంలో ఇందుకు ఉపాయం కనబడుతుంది. ఆయన ఎలుకలను ఆరు వారాల వయస్సులో తూచి, ఒకే ఈతలోని తోబుట్టువులను మాత్రమే పరస్పరం పోల్చి ఎంపిక చేశారు. ఒకే తల్లి పాలు త్రాగినవి గనుక పోలిక న్యాయమైనది. ఈ విధంగా తరతరాలుగా ఎంపిక సాగించగా పెద్ద ఎలుకల వంశమొకటి, చిన్న ఎలుకల వంశమొకటి వేరుపడినవి.

బరువొక్కటే చూచినవారికి చెవుల సొగసు, తోక తీరు చేజారవచ్చు. దగ్గరి చుట్టరికంలోనే జతపరుస్తూ పోతే సంతాన శక్తి క్షీణిస్తుంది. అందుచేత జాగ్రత్తగల పెంపకందారు తల్లిదండ్రుల వివరాలు, పుట్టిన తేదీ, ఈతలోని పిల్లల సంఖ్య, బరువు, గుణదోషాలు ఒక పుస్తకంలో వ్రాసుకుంటాడు. మన కార్యాలయపు రిజిస్టరుకు ఇది తీసిపోదు.

అయితే ఒక కఠోర సత్యాన్ని దాచరాదు. పరిమాణం కోసం కొందరు తల్లి వద్ద కొన్ని పిల్లలనే ఉంచి, మిగిలిన వాటిని పుట్టిన కొద్ది రోజులకే చంపివేస్తారు. కేవలం ముచ్చట కోసం ఇంత పని తగునా? తగదనియే మా అభిప్రాయం. పిల్లలను సమానంగా పెంచి, ఓపికతో కొన్ని తరాలు ఎక్కువ వేచియుండుట మేలు.

పరీక్షా ఫలితాలు వచ్చే వేళ మన ఇళ్లలోనూ పిల్లలను పోల్చడం పరిపాటి. పొరుగింటి బిడ్డ మార్కులను ఎత్తి చూపే ముందు, ఇద్దరికీ దక్కిన పోషణ ఒక్కటేనా అని తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించవలెనని మా మనవి.