అరకులోయ గిరిజన ప్రదర్శనశాల

క్రిందటి సంక్రాంతి సెలవులలో మావారును మేమును మా చిన్నమ్మాయిని వెంటబెట్టుకొని అరకులోయకు పోయి వచ్చితిమి. సింహాచలమున కాపురముండు మాకు కొండ క్రొత్త కాదు. ప్రతి ఉదయమును అప్పన్న కొండను చూచుచునే వాకిట ముగ్గు వేసికొందుము. కాని మా కొండకు మెట్లు కలవు, గోపురము కలదు, సంపెంగపూలమ్మువారు కలరు. అరకు కొండల తీరు వేఱు. శృంగవరపుకోట దాటినపిమ్మట రైలు కొండల కడుపులోనికి దూరును. 1960 దశకమున వేసిన యీ కిరండూలు మార్గమున మొత్తము 58 సొరంగములు గలవట. మా అమ్మాయి లెక్కపెట్టుచు లెక్కపెట్టుచు నడుమనే నిద్రపోయినది.

అరకులో 1996వ సంవత్సరమున నెలకొల్పిన గిరిజన ప్రదర్శనశాల యున్నది. అందు నిలువెత్తు బొమ్మలచే పెండ్లి, వేట, వంట, థింసా నృత్యము మున్నగునవి చూపబడినవి. నగలు, విండ్లు, వంటింటి సామగ్రి కలవు. కొండదొర, భగత, వాల్మీకి, పొరజ, కోదు, గదబ మొదలగు పెక్కు తెగలవారు ఆ ప్రాంతమున నివసింతురు.

మా అమ్మాయి ఎండిన ఆనపకాయ బుర్ర నొకదానిని చూపి, “అమ్మా, ఇదేమి?” అని యడిగినది. మేము పండితులవలె, “పూర్వము కొండజాతులవారుండిరి. వారు నీటికిని అంబలికిని ఇట్టి బుర్రలు వాడెడివారు” అని చెప్పితిమి. మా ప్రక్కను మనుమని చేయి పట్టుకొని నిలిచిన యొక ముసలమ్మ మావైపు తిరిగి, కోపము లేకయే, “పూర్వమేటి తల్లీ? నిన్న ఇలాటి బుర్రతోనే చోడంబలి ఎట్టుకొని పొలానికెల్నాను. మేమింకా ఉన్నాం గదా!” అన్నది.

సిగ్గుచే మా తల వంగినది. బాల్యమున తండ్రిగారియొద్ద వ్యాకరణము చదువుకొన్న మేము ఒక్క క్రియలో ఎంత తప్పు చేసితిమి! ఎదుట నిలిచియున్న మనిషిని భూతకాలమునకు పంపివేసితిమి.

ఇది మాటలో తప్పు మాత్రమే కాదు. ఉండిరి అని చెప్పబడినవారికి భూమి యెందులకు, అడవి యెందులకు అని లోకము తలచును. 1882 నాటి మద్రాసు అడవి చట్టము పోడు వ్యవసాయమునకు అడ్డు వచ్చెను. 1922లో మన్యమువారు అల్లూరి సీతారామరాజు వెంట లేచుటకు ఆ కష్టమును ఒక కారణము. అడవిలో సేద్యము చేసికొనువారి హక్కును గుర్తించు చట్టము 2006 వఱకు రాలేదు.

నిజముగా గతించినవియు కలవు. గదబ స్త్రీలు చెట్టు నార తీసి, వడికి, రంగులద్ది, చారల వస్త్రము ఇంటనే నేసికొనెడివారు. దానికి కెరంగు అని పేరు. నేడది మిక్కిలి అరుదైపోయినది. ఏది పోయినది, ఏది యున్నది అని తెలియవలెనన్న ఆ యింటివారినే అడుగవలెను గాని, గాజుపెట్టెను చూచి మనమే తీర్పు చెప్పరాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తిగారు సవరలయొద్దనే వారి భాష నేర్చుకొని, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. బడిపంతులుగారి భార్యకు ఆ మాట ముందే గుర్తుకు రావలసినది!

మేమా ముసలమ్మను క్షమింపుమని వేడి, బుర్రను గూర్చి యడిగితిమి. ముదిరిన కాయను కోసి, లోపలి గుజ్జును గింజలను తీసి, బాగుగా ఎండబెట్టవలెనట. అందు నీరు చల్లగానుండునట. మా అత్తగారును పూర్వము విత్తనములు దాచుటకు అట్టి బుర్రనే వాడెడివారని మావారు చెప్పగా ఆమె నవ్వి, “అయితే మీరూ మావోళ్లే” అన్నది.

సోదరీమణులారా! మీరును పిల్లలను అచ్చటికి తప్పక కొనిపొండు. ఒక్క పూట చాలును. అయితే బొమ్మలను చూచి యూరకుండక, ప్రక్క నిలిచినవారిని ఆదరముతో పలుకరింపుడు. ఇంటికి వచ్చినపిమ్మట మా అమ్మాయి బడి పుస్తకమున ఆ యాత్రను వ్రాసికొనుచు, “కొండలలో గదబలు ఉన్నారా, ఉండిరా?” అని మమ్మడిగినది. ఉన్నారనియే వ్రాయించితిమి.