ఫార్ములా నోటికొచ్చు.. దారి తెలుసా?

‘మైనస్ బీ ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఆఫ్ బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ బై టూ ఏ’. పదో తరగతి దాటిన వాళ్లను నిద్రలో లేపి అడిగినా ఈ వరుస అప్పజెప్పేస్తారు. మీరూ చెప్పగలరు. మరి రూట్ లోపల ఆ బీ స్క్వేర్ ఎక్కడి నుంచి వచ్చింది? కింద టూ ఏ ఎందుకుంది? ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ‘అది తెలియకపోయినా జవాబు వస్తుంది కదా’ అంటారు. అన్నిసార్లూ రాదు. వచ్చినా అది తప్పో ఒప్పో తెలియదు. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు అసలు నష్టం అక్కడే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బ్యాంకు పరీక్షకైనా, సాఫ్ట్‌వేర్ జాబ్‌కైనా ప్రిపేరయ్యే ముందు సమీకరణాన్ని మీ చేత్తో సర్దుకోవడం నేర్చుకోండి. షార్ట్‌కట్లు ఆ తర్వాత. ఇది వారం రోజుల పని. ఆ వారం మిగుల్చుకుందామని చూస్తే ఏడాది పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

బ్యాంకు క్లర్క్ ప్రిలిమ్స్ సంగతే చూడండి. ఐబీపీఎస్ పరీక్షలో న్యూమరికల్ ఎబిలిటీకి 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. ప్రశ్నకు 34 సెకన్లు. తప్పు జవాబుకు పావు వంతు కోత. రెండు వర్గ సమీకరణాలిచ్చి ఏ విలువ పెద్దదో తేల్చమనే ప్రశ్న బ్యాంకు పరీక్షలకు పాత చుట్టమే.

పుస్తకంలో ఎక్స్, వై ఉండే చోట మనం ఇక్కడ య, క అనుకుందాం. ఇది కొత్తేమీ కాదు. మన పాత గణితజ్ఞులు యావత్తావత్, కాలక అనే మాటల మొదటి అక్షరాలనే తెలియని రాశులకు గుర్తుగా వాడేవారు.

మొదటి సమీకరణం: య² = 7య
రెండోది: క² − 9క + 14 = 0

తొందరలో ఉన్నవాళ్లు మొదటిదాంట్లో రెండు వైపులా ఒక య కొట్టేసి ‘య = 7’ అని రాసుకుంటారు. రెండోదాని మూలాలు 2, 7. కాబట్టి ‘య పెద్దది లేదా సమానం’ అని టిక్ పెట్టేస్తారు. మార్కు రాలేదు, పావు మార్కు ఎదురు పోయింది. య కొట్టేసినప్పుడే సున్నా అనే మూలం కూడా కొట్టుకుపోయింది మరి. అంతా ఒక వైపుకు తెచ్చి య(య − 7) = 0 అని రాస్తే 0, 7 రెండూ కనిపిస్తాయి. 0 అయితే 2 కంటే చిన్నది, 7 అయితే 2 కంటే పెద్దది. సరైన జవాబు ‘సంబంధం చెప్పలేం’. ఫార్ములా బట్టీ పట్టినంత మాత్రాన ఈ తప్పు ఆగదు. సున్నా కావచ్చేమో చూడకుండా భాగించకూడదని తెలిసినవాళ్లే ఆగుతారు.

‘అటు వెళ్తే గుర్తు మారుతుంది’. పక్షాంతరం అంటే ఇంతే అని చాలామందికి గుర్తు. నిజానికి ఏదీ ఎటూ వెళ్లదు. రెండు వైపులా ఒకే సంఖ్యను కలుపుతున్నాం, లేదా తీసేస్తున్నాం. తక్కెడలో రెండు పళ్లాల నుంచీ ఒకే బరువు తీస్తే ముల్లు కదలనట్టే. ఈ ఒక్క మాట పట్టుకుంటే రెండు జాగ్రత్తలు వాటంతటవే వస్తాయి. భాగించే ముందు అది సున్నా కాదని చూసుకోవాలి. వర్గమూలం తీసేటప్పుడు ప్లస్, మైనస్ రెండూ రాసుకోవాలి. య² = 81 అంటే 9, −9 రెండూ. రూట్ 81 అని ఇస్తే మాత్రం 9 ఒక్కటే.

గోస్పాడు, నంద్యాల వైపు కేసీ కెనాల్ కింద సేద్యం చూసిన పిల్లలకు ఈ లెక్క తేలిగ్గా ఎక్కుతుంది. పొలానికి ఒక వైపు కాలువ గట్టు ఉంది, అటు కంచె అక్కర్లేదు. మిగతా మూడు వైపులకు 100 మీటర్ల కంచె ఉంది. 1,200 చదరపు మీటర్ల దీర్ఘచతురస్రం కావాలి. గట్టు నుంచి లోపలికి కొలత య అనుకుంటే, గట్టు వెంబడి కొలత 100 − 2య. అంటే య(100 − 2య) = 1200. సర్ది, 2తో భాగిస్తే య² − 50య + 600 = 0.

రెండు వైపులా 600 తీసేయండి. య² − 50య = −600. 50లో సగం 25, దాని వర్గం 625. దాన్ని రెండు వైపులా కలపండి. ఎడమ వైపు (య − 25)² అవుతుంది, కుడి వైపు 25 మిగులుతుంది. అంటే య − 25 విలువ 5 లేదా −5. య విలువ 30 లేదా 20. పొలం 30 × 40 అయినా, 20 × 60 అయినా కుదురుతుంది. రెండు జవాబులూ నిజమైనవే.

ఫార్ములాలో వేసినా ఇవే వస్తాయి, నిజమే. కానీ అదే కంచెతో 1,300 చదరపు మీటర్లు కావాలంటే? ఇదే దారిలో వెళ్తే (య − 25)² = −25 వస్తుంది. వాస్తవ సంఖ్య వర్గం రుణాత్మకం కాదు కాబట్టి కుదరదు. 1,250 అయితే కుడి వైపు సున్నా. య 25 ఒక్కటే. ఆ కంచెతో అంతకు మించి విస్తీర్ణం రాదని కూడా ఇక్కడే తేలిపోయింది. విచక్షణి ధనాత్మకం, సున్నా, రుణాత్మకం అని మూడు కేసులు బట్టీ పట్టారు కదా, అవే ఇవి. గరిష్ఠ, కనిష్ఠ విలువల ప్రశ్నలకూ ఇదే దారి.

ఫార్ములా కూడా ఇలాగే పుడుతుంది. భిన్నాల తలనొప్పి లేకుండా దాన్ని రాబట్టే పద్ధతి శ్రీధరాచార్యుడిది. ఆయన బీజగణిత గ్రంథం మనకు దొరకలేదు. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు ఉదహరించడం వల్ల ఈ సూత్రం మిగిలింది. య² ముందున్న సంఖ్య ఏ, య ముందున్నది బీ, విడిగా ఉన్నది సీ అనుకోండి. సీని రెండు వైపులా తీసేయండి. రెండు వైపులా 4ఏతో గుణించండి. తర్వాత రెండు వైపులా బీ² కలపండి. ఎడమ వైపు (2ఏ × య + బీ) వర్గం అవుతుంది, కుడి వైపు బీ² − 4ఏసీ. ఇక వర్గమూలం తీసి, బీని తీసేసి, 2ఏతో భాగించండి. మీరు అప్పజెప్పే ఆ పొడుగు వరుస కాగితం మీద కనిపిస్తుంది. ఒక్కసారి సొంతంగా చేస్తే పరీక్ష హాల్లో మరచిపోయినా మళ్లీ తెచ్చుకోగలరు.

‘34 సెకన్లలో ఇదంతా ఎవరు చేస్తారు?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. హాల్లో షార్ట్‌కట్టే వాడండి. కోచింగ్‌లో ఇచ్చే గుర్తుల టేబుల్ తప్పేం కాదు. కానీ అన్ని పదాలూ ఒకే వైపు ఉంటేనే అది పనిచేస్తుంది. 2య² + 15 = 13య అని ఇచ్చినప్పుడు ప్లస్, ప్లస్ చూసి రెండు మూలాలూ మైనస్ అనుకుంటే మునిగినట్టే. సర్దితే 2య² − 13య + 15 = 0. మూలాలు 5, 1.5. రెండూ ప్లస్సే.

అసలు మంచి షార్ట్‌కట్ ఏదైనా సర్దుబాటులోంచే వస్తుంది. 2019లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ పో-షెన్ లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి చూడండి. ఇందులోని మెట్లు పాతవేనని ఆయనే చెప్పారు. మన పొలం లెక్కలో మూలాల మొత్తం 50, సగటు 25. కాబట్టి ఒకటి 25 + త, ఇంకొకటి 25 − త. వాటి లబ్ధం 625 − త² = 600. త² = 25, త = 5. జవాబు 30, 20. కారణాంకాల కోసం వెతుకులాట లేదు.

సాఫ్ట్‌వేర్ వైపు చూస్తున్నవాళ్లు ‘మాకు కంప్యూటరే చేసిపెడుతుంది’ అనుకోవచ్చు. పైథాన్‌లో ఈ చిన్న ప్రయోగం చేయండి. య² − 10,00,00,000య + 1 = 0. పుస్తకంలో ఉన్న ఫార్ములానే కోడ్‌గా రాస్తే చిన్న మూలం దాదాపు 0.00000000745 అని వస్తుంది. రావాల్సింది 0.00000001. పావు వంతు తేడా! ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. కంప్యూటర్ సంఖ్యలో 15, 16 అంకెల వరకే దాచుకుంటుంది. దాదాపు సమానమైన రెండు పెద్ద సంఖ్యల్లో ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేస్తే పనికొచ్చే అంకెలన్నీ పోతాయి. దీనికి మందు మళ్లీ సర్దుబాటే. ముందు పెద్ద మూలం కనుక్కోండి. మూలాల లబ్ధం ఇక్కడ 1 కాబట్టి, 1ని ఆ పెద్ద మూలంతో భాగించండి. సరైన జవాబు వస్తుంది. ఏఐ టూల్ రాసిచ్చిన కోడ్‌లో ఇలాంటి లోపం ఉన్నా పట్టుకోవాల్సింది మీరే. కంపెనీ జీతం ఇచ్చేది ఆ పట్టుకోవడానికే.

కాబట్టి వారం రోజులు ఇలా గడపండి. మొదటి రెండు రోజులు పదో తరగతి పుస్తకంలోని వర్గ సమీకరణాల పాఠం తీసి, లెక్కలన్నీ వర్గం పూర్తి చేసే పద్ధతిలోనే చేయండి. ప్రతి మెట్టు పక్కన ‘రెండు వైపులా ఏం చేశాను’ అని తెలుగులో రాయండి. మూడో రోజు ఫార్ములాను పుస్తకం మూసి రాబట్టండి. తర్వాత రెండు రోజులు ఊళ్లో కనిపించే కొలతలతో సొంతంగా లెక్కలు తయారు చేయండి. చివరి రెండు రోజులు గడియారం పెట్టుకుని పాత పేపర్లు చేయండి. వచ్చిన ప్రతి మూలాన్నీ మళ్లీ సమీకరణంలో వేసి సరిచూసుకోండి.

సేద్యం మీద బతికే ఇంటి నుంచి కోచింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు తెచ్చుకుని చదివేవాళ్లకు కటాఫ్ దగ్గర పావు మార్కు పోవడమంటే ఇంకో ఏడాది ఖర్చు ఇంటి మీద పడడమే. ఆ పావు మార్కును కాపాడుకోవడానికి కావాల్సింది తెల్ల కాగితం, పెన్ను, వారం ఓపిక. ఈ మూడూ మీ దగ్గరే ఉన్నాయి. ఈ రోజే మొదలుపెట్టండి.