ఫలానా ఆమె భర్త

మన దేశంలో స్త్రీ ఏ దరఖాస్తు నింపబోయినా ముందు అడిగేది తండ్రి పేరు, లేదా భర్త పేరు. రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, పట్టాదారు పాసు పుస్తకం, ఆస్పత్రి చీటీ, అన్నిట్లోనూ ఆమె ఫలానా వాని కూతురు, లేకపోతే ఫలానా వాని భార్య. మరి ఒక మగవాణ్ణి ‘ఫలానా ఆమె భర్త’ అని రాసిన అధికారిక కాగితాన్ని మీరెప్పుడైనా చూశారా? పోయిన వేసవిలో మేము చూశాం.

శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు ఆ కాగితం పట్టుకుని మా కార్యాలయానికి వచ్చారు. అమ్మమ్మ పోయాక ఆమె రేకు పెట్టె సర్దుతుంటే గుడ్డ మూటలో నక్షత్రం ఆకారంలో ఉన్న పతకం ఒకటి దొరికిందట. తాత యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదన్న మాట తప్ప ఆ ఇంట్లో ఎవరికీ మరేమీ తెలియదు. ఏ దళంలో చేరాడో, ఎక్కడ పోయాడో, ఎలా పోయాడో ఎవరూ చెప్పలేరు. అడిగితే అమ్మమ్మ “బర్మా ఎల్లాడు, రాలేదు” అని ఊరుకునేదట. పతకం వెనక చిన్న అక్షరాల్లో ఒక నంబరు, పేరు ఉన్నాయి. ఆ నంబరు పట్టుకుని ఆవిడ రెండేళ్లు తిరిగారు. ఒక కార్యాలయంలో “ఎనభై ఏళ్ల కిందటి సంగతి ఇప్పుడు దేనికమ్మా, పింఛను కోసమా?” అన్నారు. మరో చోట “మీ ఇంట్లో మగవాళ్లెవరూ లేరా?” అని అడిగారు.

చివరికి తాత పేరు దొరికింది. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్న యుద్ధ స్మారకం మీద సుమారు 27 వేల పేర్లున్నాయి. సమాధిగాని, దహనం చేసిన చోటుగాని తెలియని సైనికులు వాళ్లు. అందులో ఆయన ఒకరు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో ఆయన నంబరు, దళం, చనిపోయిన తేదీ ఉన్నాయి. దాని కింద ఒక వాక్యం ఉంది: ఫలానా తండ్రికి, ఫలానా తల్లికి కొడుకు, ఫలానా ఆమె భర్త, ఊరు, జిల్లా. పేరు దొరికిందని ఫోనులో చెబితే, ఎనభై దాటిన తల్లి మొదట అడిగిన మాట ఇదట: “మా అమ్మ పేరు రాశారా? సరిగ్గా రాశారా?”

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ సంపాదకీయం రాస్తున్నాం.

బ్రిటిష్ వాళ్ల సైన్యంలో, వాళ్ల సామ్రాజ్యం కోసం పోరాడినవాళ్ల గొడవ హక్కుల పత్రికకు ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. సామ్రాజ్యం మీద మాకు ఏ మోజూ లేదు. కాని మొదటి ప్రపంచ యుద్ధంలో 13 లక్షలకు పైగా భారతీయులు పాల్గొన్నారు, సుమారు 74 వేల మంది చనిపోయారు. రెండో యుద్ధం నాటికి సైన్యం 25 లక్షలకు పెరిగింది, సుమారు 87 వేల మంది చనిపోయారు. నిర్బంధ సైనిక చట్టం ఇక్కడ లేదు కాబట్టి వీళ్లందరూ ‘స్వచ్ఛందంగా’ చేరినవాళ్లేనని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. అప్పులున్న ఇంట్లో, గింజలు లేని ఏడాదిలో, నెల నెలా జీతం వస్తుందని చేరినవాడి స్వచ్ఛందం ఎంతో మనకు తెలుసు. అతను వెళ్లాక పొలం, పిల్లలు, అత్తమామలు ఎవరి మీద పడ్డారో కూడా మనకు తెలుసు. ఆ పనికి జీతం లేదు, పతకమూ లేదు.

తెలుగు ప్రాంతాలకు ఈ చరిత్రలో వాటా చిన్నదేం కాదు. మద్రాసు వాళ్లు ‘యుద్ధజాతులు’ కారని చిన్నచూపు చూసిన పాలకులే, అవసరం పడగానే 1942లో మద్రాసు రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. పశ్చిమ గోదావరిలో మాధవరానికి ‘మిలిటరీ మాధవరం’ అని పేరు రావడానికి కారణం తరతరాలుగా అక్కడి ఇళ్ల నుంచి సైన్యంలోకి వెళ్లిన మనుషులే. అటు నిజాం సంస్థాన సేనలు కూడా దూరదేశాలకు వెళ్లాయి. 1941 డిసెంబరులో జపాన్ సైన్యం మలయాలో దిగినప్పుడు కోటబారు విమానాశ్రయం కాపలాలో హైదరాబాదు పదాతిదళం ఉంది.

చనిపోయాక కూడా అందరినీ ఒకేలా చూడలేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కి, వేలాది మామూలు సిపాయిలను దళానికింత మంది అని అంకెల్లో కలిపేశారు. చావులో అందరూ సమానమే అన్న సూత్రంతో 1917లో మొదలైన కమిషన్, ఆ సూత్రాన్ని తానే తప్పానని 2021లో వెలువడిన నివేదికలో ఒప్పుకుంది. మొదటి యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా వాళ్లలో కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గుర్తింపు దక్కలేదని, చాలామందికి ఏ గుర్తింపూ లేదని ఆ నివేదిక చెప్పింది. కమిషన్ క్షమాపణ కోరింది.

అసలు యూనిఫారమే లేనివాళ్ల సంగతి ఇంకా అన్యాయం. 1942, 43 సంవత్సరాల్లో జపాన్ సైన్యం సయాం నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన కూలీల్లో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ చనిపోయిన యుద్ధ ఖైదీలకు కాంచనబురిలో, తన్‌బ్యూజయాత్‌లో పేర్లతో సమాధులున్నాయి. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోయిన ఆసియా కూలీలకు పేర్ల జాబితా లేదు. వాళ్ల భార్యలు ఎక్కడ వెతకాలి?

వెతకడం అనే పనికి కూడా ఒక చరిత్ర ఉంది, అందులో స్త్రీలున్నారు. 1915లో వెరా డీకిన్ అనే యువతి కైరోలో ఆస్ట్రేలియా రెడ్‌క్రాస్ తరఫున, గాయపడినవారి, ఆచూకీ తెలియనివారి వివరాలు సేకరించే విభాగం మొదలుపెట్టింది. తర్వాత దాన్ని లండన్‌కు మార్చారు. ఒక తల్లి ఉత్తరం రాస్తే చాలు, వాళ్ల మనుషులు ఆస్పత్రులకు వెళ్లి తోటి సైనికుల్ని కలిసి, ‘మీ అబ్బాయిని చివరిసారి ఎప్పుడు చూశారు, ఎలా పోయాడు, ఎక్కడ పూడ్చారు’ అని అడిగి రాసుకొచ్చేవారు. ఆ ఫైళ్లు ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. అక్షరం రాని మన పల్లె తల్లి ఏం చేసింది? తంతి వస్తే కరణం చేతనో, బడిపంతులు చేతనో చదివించుకుంది. వాళ్లు చెప్పింది నమ్మింది. ఆమె ప్రశ్న ఏ ఫైల్లోకీ ఎక్కలేదు.

‘ఆచూకీ లేదు’ అన్న మాట కింద స్త్రీ జీవితం ఎలా నలుగుతుందో చూడండి. ఆమె ముత్తైదువా, విధవా? బొట్టు ఉంచుకోవాలా, తీసెయ్యాలా? మన ఉపాధ్యాయురాలి అమ్మమ్మ తంతి వచ్చాక కూడా చాలా ఏళ్లు బొట్టు తియ్యలేదట. అత్తింటివారు పోట్లాడి తీయించారట. ఏడేళ్లపాటు కబురు లేని మనిషిని చనిపోయినట్టు భావించే సూత్రం 1872 సాక్ష్య చట్టంలో ఉంది, 2023లో వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. అయితే అది ఆస్తి కోసం, పింఛను కోసం కోర్టుకెక్కగలిగే వాళ్లకి ఉపయోగపడే సూత్రం. 1971 యుద్ధంలో తప్పిపోయి పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారని నమ్ముతున్న 54 మంది సైనికుల ఇళ్లలో భార్యలు ఇదే ప్రశ్నతో ముసలివాళ్లయ్యారు. వారి బంధువులు కొందరు 2007లో అక్కడికి వెళ్లి జైళ్లు వెతికి ఉత్త చేతులతో తిరిగి వచ్చారు.

చావు రూఢి అయినా పెత్తనం పోదు. సైనికుడి విధవ మళ్లీ పెళ్లి చేసుకుంటే పింఛను ఆగిపోయే నిబంధన బ్రిటిష్ కాలం నాటిది. స్వతంత్రం వచ్చాక కూడా దాని నీడ తొలగలేదు. శౌర్య పతకం పొందిన సైనికుని భార్యకిచ్చే నెలసరి భత్యం ఆమె మళ్లీ పెళ్లాడితే రద్దయ్యేది. చనిపోయిన భర్త అన్ననో, తమ్ముణ్నో చేసుకుంటే మాత్రం కొనసాగేది. ఆ షరతును ప్రభుత్వం 2017 నవంబరులో తొలగించింది. అంటే నిన్న మొన్నటి దాకా దేశం ఆ స్త్రీని ఆ ఇంటి ఆస్తిగానే చూసిందన్న మాట. అందుకే తాత సంగతి వెతుకుతున్న ప్రతి మనవరాలూ అమ్మమ్మ సంగతి కూడా వెతకాలని మేమంటున్నాం. ఆయన ఎలా చనిపోయాడన్నది సగం కథ. ఆ తర్వాత ఆమె ఎలా బతికిందన్నది మిగతా సగం.

వెతకదలచుకున్న వాళ్లకు మాకు తెలిసిన కొన్ని సంగతులు చెబుతాం. ముందు ఇంట్లో వెతకండి. భారత సైనికులకిచ్చిన పతకాల అంచున గాని, వెనక గాని నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. వాటిని తళతళలాడేలా తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. పింఛను పుస్తకం, డిశ్చార్జి కాగితం, మనియార్డరు రసీదు, ఏదైనా పారేయకండి. పేరు కన్నా నంబరు ముఖ్యం. ఎందుకంటే అప్పలస్వాములూ రామయ్యలూ వందలమంది ఉంటారు, ఇంగ్లీషులో ఒక్కో గుమస్తా ఒక్కో రకంగా రాశాడు. పేరును పది విధాలుగా రాసి చూడండి. ఊరు, జిల్లా పేర్లు ఆనాటివి. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది, విజయనగరం 1979లో. కాబట్టి రెండో యుద్ధం నాటి జాబితాలో ఆ ఊళ్లు చాలావరకు విశాఖపట్నం జిల్లా కింద, దాని పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో ఉంటాయి.

కమిషన్ జాబితాను ఇంటర్నెట్‌లో ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చు. రెండో యుద్ధానికి సంబంధించి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సర్వీసులో చనిపోయిన వాళ్లు అందులో ఉంటారు. మామూలు భారత సైనికుల సర్వీసు రికార్డుల కోసం లండన్ వైపు చూడనక్కర్లేదు. అవి ఉంటే ఇక్కడి రెజిమెంటు రికార్డు ఆఫీసుల్లోనే ఉంటాయి. మద్రాసు రెజిమెంటు కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది, మద్రాసు శాపర్లది బెంగుళూరులో. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రాయవచ్చు. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. నిజాం సేనల వాళ్లయితే హైదరాబాదులో తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగండి, ఉర్దూ చదవగలిగిన వాళ్లను తోడు తీసుకెళ్లండి.

జాబితాలో పేరు లేనంత మాత్రాన మనిషి లేడని కాదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయినప్పుడు వేలాది భారత సైనికులు బందీలయ్యారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు, చేరని వాళ్లలో చాలామందిని న్యూగినీ దాకా తరలించారు. ఏ దారిన పోయినా ఇంటి దగ్గర ఎదురుచూసిన స్త్రీకి దక్కింది ఒకే నిశ్శబ్దం.

మా కోరికలు పెద్దవేం కావు. రెజిమెంటు రికార్డులను వారసులు, అంటే కూతుళ్లు, మనవరాళ్లు కూడా, ఏ మగవాడి తోడూ లేకుండా అడిగి చూసుకునే వీలుండాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ జిల్లాల వారీగా ఈ పేర్లను తెలుగులో అచ్చువేసి గ్రంథాలయాల్లో పెట్టాలి. రైలుమార్గం కూలీల కోసం, వాళ్ల కుటుంబాల్లో జ్ఞాపకం ఉన్న పేర్లనైనా సేకరించాలి. ప్రభుత్వాలు చేసేదాకా మనం ఆగనక్కర్లేదు. మీ ఊళ్లో యుద్ధానికి వెళ్లి రాని మనిషి ఇల్లు ఏదో పెద్దవాళ్లకు తెలుసు. వెళ్లి కూర్చుని అడగండి, రాసుకోండి. వెళ్లినవాడి పేరుతోపాటు ఇంటి దగ్గర ఉండిపోయిన ఆమె పేరూ రాయండి, ఆమె ఏం పని చేసి పిల్లల్ని పెంచిందో రాయండి. మాకు పంపండి, వచ్చే సంచికల్లో వేస్తాం.

ఆ ఉపాధ్యాయురాలి తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు కూడా చెప్పాలి. ఆమె తల్లి పేరును రాసిన గుమస్తా ఒక అక్షరం తప్పు రాశాడు. రుజువులు చూపిస్తే కమిషన్ తప్పులు సరిదిద్దుతుంది. తల్లీ కూతుళ్లిద్దరూ ఇప్పుడు ఆ రుజువుల కోసం తిరుగుతున్నారు. పెళ్లినాటి కాగితం లేదు, ఫొటో లేదు. పాత ఓటర్ల జాబితా ఒకటి దొరికింది. అందులో ఆమె పేరు సరిగ్గానే ఉంది, పక్కన ‘ఫలానా వాని భార్య’ అని ఉంది. ఆ రెండు కాగితాలూ జతచేసి పంపారు.