రహీమ్ గారి తర్వాత ఎవరు?

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిందని మన కరీంనగర్, ఆదిలాబాద్ యౌవనస్థుల్లో ఎందరికి తెలుసు? ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు బడిపంతులుగా పనిచేసినవారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. 1963లో ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ వైభవం మళ్లీ రాలేదు.

మోషే బ్రతికుండగానే యెహోషువను సిద్ధపరచాడు. మన ఊళ్లలో కబడ్డీ, వాలీబాల్ జట్లు నడిపే అన్నలూ అలాగే చేయాలి. సాయంత్రం గ్రౌండుకు రమ్మని పిలిచేవాడు లేకపోతే పిల్లలు ఫోన్లో బెట్టింగుల వైపు పోతారు. కప్పులు అల్మారాలోనే ఉంటాయి, పిల్లలే దక్కరు. మీ తర్వాత ఆ పిలుపు పిలిచేదెవరో ఈ రోజే చూసుకోండి.