బిల్లు కంటే ముందే కబురు

తెలంగాణలో గృహజ్యోతి పథకం వర్తించే ఇంట్లో నెలకు 200 యూనిట్లు కాలితే బిల్లు సున్నా. 201 కాలిందా, ఆ నెలకు ఉచితం మొత్తంగా పోతుంది. పైగా శ్లాబు మారి, తొలి 200 యూనిట్లకూ 5.10 రూపాయల చొప్పున లెక్క పడుతుంది. ఒక్క యూనిట్ తేడాకు మూల్యం వెయ్యి రూపాయల పైమాటే! ఈ సంగతి ఇంటివాళ్లకు తెలిసేది మీటర్ రీడర్ చీటీ చించి చేతిలో పెట్టాకే. అప్పటికి కూలరు, గీజరు చేయాల్సింది చేసేసి ఉంటాయి.

పాత మీటరు నెలకు ఒక్క అంకె ఇస్తుంది. స్మార్ట్ మీటరు అరగంటకోసారి నమోదు చేసినా నెలకు 1,440 అంకెలు. 2021లో మొదలైన కేంద్ర పథకం ఆర్‌డీఎస్‌ఎస్ దేశమంతటా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. విద్యుత్ పంపిణీ సంస్థలకు (డిస్కంలకు) వీటితో లాభం స్పష్టం: ముందస్తు వసూలు, కూర్చున్న చోటి నుంచే కనెక్షన్ కట్ చేయడం, ట్రాన్స్‌ఫార్మర్ లెక్కతో ఇళ్ల లెక్క సరిపోల్చి చౌర్యం పట్టుకోవడం. వినియోగదారుడి వంతుకు వచ్చేది యాప్‌లో ఒక గ్రాఫు. మంగళవారం గీత పైకి లేచిందని చూసి ఏం చేయాలి?

ఆ గ్రాఫు కంటే 20వ రోజున ఫోన్‌కు వచ్చే తెలుగు సందేశం మేలు: ‘ఇప్పటికి 150 యూనిట్లు. ఇదే జోరైతే నెలాఖరుకు 225. పెరుగుదలంతా రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 5 మధ్యే.’ ఏసీ సంగతి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. దీనికి కృత్రిమ మేధ కూడా అక్కర్లేదు, త్రైరాశికం వస్తే చాలు.

అయితే సందేశం ఎలా రాస్తామన్నది చిన్న విషయం కాదు. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో పరిశోధకులు ఇరుగుపొరుగు సగటు వాడకాన్ని రాసి ఇళ్ల తలుపులకు తగిలించారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు, తక్కువ వాడేవాళ్లు మాత్రం పెంచేశారు! పక్కన నవ్వు ముఖం బొమ్మ వేసిన ఇళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. తర్వాత ఒపవర్ సంస్థ అమెరికాలో లక్షల ఇళ్లకు ఇలాంటి నివేదికలే పంపితే సగటున 2 శాతం ఆదా అయింది. మన దగ్గర ‘మీకింకా 60 యూనిట్లు ఉచితం’ అని పంపితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ అరవై కూడా కాలుతుంది.

స్మార్ట్ మీటరు అంకెలు ఇంట్లో ఎవరూ లేని వేళలనూ పట్టిస్తాయి. అమెరికాలోని నేపర్‌విల్‌లో 15 నిమిషాలకోసారి రీడింగులు సేకరించడం సోదా కిందికే వస్తుందని 2018లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. సోదా సమంజసమేనంటూనే, ఆ సమాచారం పోలీసులకు సులువుగా అందేదైతే తీర్పు మారవచ్చని హెచ్చరించింది. మీటర్ల మీద మన వీధుల్లో జరుగుతున్న గొడవంతా ధర చుట్టూ, ప్రీపెయిడ్ చుట్టూనే తిరుగుతోంది. ఆ భయాల్లో న్యాయం ఉంది. కానీ ఈ అంకెలు ఎవరి చేతికి, ఎప్పటికి చేరతాయన్న ప్రశ్న దాదాపు వినిపించడం లేదు.

విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) ఏటా డిస్కంల ఆదాయ అవసరాలపై బహిరంగ విచారణ జరుపుతుంది. మీటర్ల ఖర్చును ఒప్పుకునే ముందు, శ్లాబు దాటకముందే సందేశం పంపాలన్న షరతును అక్కడే రాయించుకోవచ్చు.